క్యాన్సర్ వచ్చినవాళ్ల ఆన్‌లైన్ గ్రూపులు: ఏ ప్రశ్నకు ఏ చోటు

మా అక్కకి మూడో కీమో అయిన వారానికి చేతి గోళ్ల మీద నల్లటి చారలు కనిపించాయి. రాత్రి పదకొండు దాటింది. హాస్పిటల్‌కి ఫోన్ చేసేంత అర్జెంటు కాదు, అలాగని నిద్ర పట్టేదీ కాదు. గోళ్లు ఫోటో తీసి, తను అప్పటికే చేరి ఉన్న రెండు గ్రూపుల్లోనూ ఒకే ముక్క రాసింది: "ఇది అందరికీ అవుతుందా?"

మొదటి దాంట్లో ఇరవై నిమిషాలకి ఒకావిడ జవాబిచ్చింది. "మీకు ఎక్కిస్తున్నది డోసెటాక్సెలా? నాకూ ఇలాగే అయింది. కీమో అంతా అయిపోయాక కొన్ని నెలలకి కొత్త గోళ్లు మామూలుగానే వచ్చాయి. గోరు పైకి లేచినా, చీము కనిపించినా మాత్రం డాక్టరుకు చూపించండి. ఈసారి వెళ్లినప్పుడు గోళ్లు పాడవకుండా చేతులు చల్లగా ఉంచే ఐస్ గ్లోవ్స్ వాడొచ్చేమో నర్సుని అడగండి." అంతే.

రెండో దాంట్లో తెల్లారేసరికి నలభైకి పైగా కామెంట్లు పడ్డాయి. సగం దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు. ఇద్దరు కీమో ఆపేయమన్నారు. ఒకాయన ఒంట్లోని విషాన్నంతా లాగేసే పొడి తన దగ్గర ఉందని, ధర ఇన్‌బాక్స్‌లో చెబుతానని రాశాడు.

మొదటి గ్రూపులో ఉన్నది ఆరు వందల మంది. రెండో దాంట్లో లక్ష దాటారు. అక్క ఆ రెండో దాంట్లో చేరడానికి కారణం కూడా అదే, "ఇంతమంది ఉన్నారంటే బాగానే ఉంటుంది కదా" అని.

అందుకే మంచి గ్రూపు ఏదని ఎవరైనా అడిగితే, మీరు అక్కడికి ఏం అడగడానికి వెళ్తున్నారని నేను ఎదురు అడుగుతాను. దాన్ని బట్టి చోటు మారిపోతుంది.

ముందు మీ ప్రశ్న ఏ రకమో చూసుకోండి

రేపు ఏం జరుగుతుంది అనేది ఒక రకం. పోర్ట్ (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న పరికరం) పెట్టేటప్పుడు నొప్పి ఉంటుందా, రేడియేషన్‌లో ఎన్నో వారం నుంచి చర్మం కందింది, నోటిపూతకి ఏం చేశారు. దీనికి అదే క్యాన్సర్, అదే మందు నడుస్తున్నవాళ్లు పదిమంది చాలు. లక్షమంది అక్కర్లేదు.

ఇంట్లో చెప్పుకోలేనిది ఇంకో రకం. "పిల్లలు పడుకున్నాక బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడుస్తున్నాను" అని రాసినావిడకి సమాచారంతో పని లేదు. ఉపాయం చెప్పకుండా వినేవాళ్లు కావాలి. ఇలాంటి మాటకు ఎవరైనా "ధైర్యంగా ఉండండి, పాజిటివ్‌గా ఆలోచించండి" అని రాస్తే, ఆవిడ ఇంకోసారి నోరు విప్పదు.

మూడోది నిర్ణయం. ముందు ఆపరేషనా, ముందు కీమోనా? కొత్త మందును పరీక్షించే ట్రయల్‌లో చేరాలా వద్దా? ఈ సంగతి ఏ గ్రూపూ తేల్చకూడదు. కానీ డాక్టరు దగ్గర కూర్చున్న పది నిమిషాల్లో ఏమేం అడగాలో రాసుకోవడానికి మాత్రం, ఆ దారిన వెళ్లి వచ్చినవాళ్లని మించినవాళ్లు లేరు. "ఈ మందు పనిచేయకపోతే తర్వాతి మందు ఏది అని ఇప్పుడే అడగండి" అని అక్కకి చెప్పింది ఒక గ్రూపు మనిషే. అది మాకు తట్టలేదు.

ఈ మూడింటికీ ఒకే చోటు సరిపోవడం నేనైతే చూడలేదు.

సంస్థలు నడిపే ఫోరంలు

కొత్తగా జబ్బు బయటపడినవాళ్లు మొదట ఇటు చూడాలని నా అభిప్రాయం. బ్రిటన్‌లో 1911లో మొదలైన మాక్‌మిలన్ క్యాన్సర్ సపోర్ట్ వాళ్ల ఆన్‌లైన్ కమ్యూనిటీ, అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2000లో పెట్టిన క్యాన్సర్ సర్వైవర్స్ నెట్‌వర్క్, రొమ్ము క్యాన్సర్‌కే పరిమితమైన బ్రెస్ట్‌క్యాన్సర్ డాట్ ఆర్గ్ వాళ్ల చర్చా వేదికలు, ఆస్ట్రేలియాలో క్యాన్సర్ కౌన్సిల్ వాళ్లవి ఇలాంటివి. క్యాన్సర్ రకాన్ని బట్టి వేరే గదులు, పేషెంటు వెంట ఉండేవాళ్లకు వేరే గది ఉంటాయి. అసలు పేరు చెప్పక్కర్లేదు, ఏదో ఒక మారుపేరు పెట్టుకుంటే చాలు. పొడులు అమ్మేవాడు వస్తే పోస్టు తీసేసే మోడరేటర్ ఉంటాడు. అన్నిటికన్నా పెద్ద లాభం, వెతుక్కునే వీలు. మీ ప్రశ్నను ఇంతకుముందు వందమంది అడిగి ఉంటారు, జవాబులన్నీ అక్కడే పడి ఉంటాయి. ఒక్క ముక్క రాయకుండా రాత్రంతా చదువుకోవచ్చు.

కష్టాలూ ఉన్నాయి. జవాబు రావడానికి ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. చూడటానికి పాతకాలం పుస్తకంలా ఉంటాయి కాబట్టి ఫోన్‌కి అలవాటు పడ్డవాళ్లు విసుక్కుంటారు. చాలా పోస్టులు సెర్చ్‌లో బయటివాళ్లకి కూడా కనిపిస్తాయి. వీటన్నిటికన్నా జాగ్రత్తపడాల్సింది పోస్టు తేదీ. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఒళ్లంతా పాకినవాళ్లకి ఆయుష్షు పెంచినట్టు నిరూపణ అయిన మొదటి మందు ఇపిలిముమాబ్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది 2011లో. 2009లో ఆ జబ్బు గురించి రాసిన పోస్టు చదివితే గుండె జారిపోతుంది, అందులో అబద్ధమూ ఉండదు, కానీ అది వేరే కాలం మాట. తేదీ చూడకుండా పాత పోస్టు చదవడమంటే వేరేవాళ్ల రిపోర్ట్ చూసి మనం ఏడవడమే.

ఫేస్‌బుక్ గ్రూపులు: పెద్దవాటికీ చిన్నవాటికీ పొంతన లేదు

ఫేస్‌బుక్‌లో పెద్ద 'క్యాన్సర్ పోరాట యోధులు' తరహా గ్రూపుల గురించి నాకు మంచి అభిప్రాయం లేదు. అక్క అనుభవం పైన చెప్పాను. ఎవరి జబ్బు ఏమిటో, ఏ స్టేజో తెలియకుండానే అందరూ అందరికీ సలహా ఇస్తారు. గట్టిగా అరిచిన పోస్టే పైకి వస్తుంది. 200 కథనాల లెక్క ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. 2018, 2019లో సోషల్ మీడియాలో బాగా తిరిగిన 200 క్యాన్సర్ కథనాలను అమెరికాలో నిపుణులు పరీక్షించారు. రొమ్ము, ప్రొస్టేట్, పెద్దపేగు, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు సంబంధించినవి అవి. వాటిలో 32.5 శాతం కథనాల్లో తప్పుడు సమాచారం ఉంది, 30.5 శాతం మనిషికి హాని చేసేవి. పైగా జనం ఎక్కువగా షేర్ చేసిందీ లైక్ కొట్టిందీ సరైనవాటిని కాదు, ఆ తప్పువాటినే.

అదే ఫేస్‌బుక్‌లో ఒక మూల, నేను చూసినవాటిలో అన్నిటికన్నా పదునైన గ్రూపులు ఉన్నాయి. అవి జబ్బు పేరుతో కాక, ట్యూమర్‌లోని జన్యుమార్పు పేరుతో పుట్టినవి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఏఎల్‌కే మార్పు ఉన్నవాళ్లది ఏఎల్‌కే పాజిటివ్, ఆర్‌ఓఎస్1 మార్పు ఉన్నవాళ్లది రాస్‌వన్‌డర్స్, ఈజీఎఫ్‌ఆర్ మార్పు ఉన్నవాళ్లది ఈజీఎఫ్‌ఆర్ రెసిస్టర్స్. అక్కడ ఒక పేషెంటు మందు పేరు రాస్తే, ఆ మాత్ర వేసుకుంటూ ఏళ్లు గడిపినవాళ్లు జవాబిస్తారు. పరిశోధనకు నిధులు పోగుచేసేంత దూరం వెళ్లారు వాళ్లు. పెద్దపేగు క్యాన్సర్‌వాళ్లకి కోలన్‌టౌన్ అని ఒకటుంది. దాన్ని ఊరిలా కట్టారు, లోపల స్టేజీని బట్టి, ట్రీట్‌మెంట్‌ని బట్టి వేరువేరు 'పేటలు'. నాలుగో స్టేజీ పేటలో కూర్చున్నవాళ్లకి రెండో స్టేజీవాళ్లు "నాకు తగ్గిపోయింది, మీకూ తగ్గిపోతుంది" అని చెప్పే బాధ ఉండదు.

అరుదైన క్యాన్సర్ అయితే ఇలాంటి గ్రూపు వెతుక్కోవడం తప్పనిసరి అంటాను. ఒక్కోసారి మీ డాక్టరు కూడా ఆ జబ్బున్నవాళ్లని ఇద్దరిని మించి చూసి ఉండడు. జీర్ణకోశంలో వచ్చే జిస్ట్ అనే ట్యూమర్ విషయంలో ఇది రుజువైంది. ఇమాటినిబ్ మందు ట్రయల్స్‌లో ఉన్న పేషెంట్లు ఆన్‌లైన్‌లో ఒకరినొకరు వెతికి పట్టుకుని, సైడ్ ఎఫెక్టులు పోల్చి చూసుకుంటూ, చివరికి లైఫ్ రాఫ్ట్ గ్రూప్ అనే సంస్థగా నిలబడ్డారు. ఆ మందుకి జిస్ట్ కోసం అమెరికాలో అనుమతి వచ్చింది 2002లో. వాళ్లు మాట్లాడుకోవడం అంతకుముందే మొదలైంది.

ఫేస్‌బుక్‌తో చిక్కు మీ అసలు పేరు. 'అనానిమస్ పోస్ట్' పెట్టుకునే వీలు కొన్ని గ్రూపుల్లో ఉంది కానీ, ఆ పేరు తోటి సభ్యులకే దాగుతుంది. అడ్మిన్‌లకూ కంపెనీకీ తెలుస్తుంది. 2018లో ఇంకో సంగతి బయటపడింది. రొమ్ము, అండాశయ క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యుమార్పు ఉన్న ఆడవాళ్ల క్లోజ్డ్ గ్రూపు ఒకటుంది. అందులో ఎవరెవరు ఉన్నారో ఆ పేర్ల జాబితాను బయటివాళ్లు దించుకోవచ్చని గ్రూపులోని వాళ్లే కనిపెట్టారు. ఆ తర్వాత కంపెనీ సెట్టింగు మార్చింది. తలుపు మూసి ఉన్నంత మాత్రాన గోడ గట్టిదని కాదు.

వాట్సాప్, టెలిగ్రామ్

వాట్సాప్‌లో చేరగానే మీ ఫోన్ నంబరు గ్రూపులో అందరికీ కనిపిస్తుంది. 1024 మంది దాకా ఉండొచ్చు. వెయ్యిమంది అపరిచితుల చేతిలో మీ నంబరు, మీ జబ్బు పేరు ఉండటం మీకు పర్వాలేదా? టెలిగ్రామ్‌లో నంబరు దాచుకోవచ్చు కానీ అక్కడ గ్రూపు 2 లక్షల దాకా పెరగొచ్చు, అప్పుడది సంతే.

అయితే పది పదిహేనుమంది ఉన్న వాట్సాప్ గ్రూపుకి సాటి వచ్చేది లేదు. ఒకే రోజుల్లో ఒకే గదిలో కీమో ఎక్కించుకున్నవాళ్లు పెట్టుకున్న గ్రూపు ఒకటి అక్కకి ఉండేది. "ఇవాళ నా కౌంట్ పడింది, వాయిదా" (తెల్లకణాలు తగ్గాయి, కీమో వాయిదా అని) ఒకరు రాస్తే, మిగతావాళ్లకి అందులో ఏముందో విడమర్చి చెప్పక్కర్లేదు. ఉదయం ఏడింటికి రోజూ గుడ్ మార్నింగ్ పెట్టే ఒక పెద్దాయన ఉండేవారు. ఆ పూల బొమ్మలంటే అక్కకి చిరాకు. ఒక గురువారం రాలేదు. శుక్రవారమూ రాలేదు. ఎవరూ అడగలేదు, అందరూ ఆయన పేరు కింద 'లాస్ట్ సీన్' చూసుకుంటూ ఉన్నారు. తొమ్మిదో రోజు ఆయన కొడుకు ఆయన ఫోన్ నుంచే మెసేజ్ పెట్టాడు.

చిన్న గ్రూపులో చేరేవాళ్లు ఇది తెలిసే చేరాలి. దగ్గరతనం ఎంత ఉంటే దెబ్బ అంత. స్కాన్ వారంలో ఉన్నవాళ్లు కొన్నాళ్లు మ్యూట్‌లో పెట్టుకోవడంలో తప్పేమీ లేదు.

రెడిట్

రెడిట్ అనే చర్చా సైట్‌లో క్యాన్సర్ పేరుతోనే ఒక పెద్ద విభాగం, రొమ్ము క్యాన్సర్‌కీ, పేషెంట్ల వెంట ఉండేవాళ్లకీ వేరే విభాగాలు ఉన్నాయి. ముఖం లేదు, పేరు లేదు. అందుకే మాట నిక్కచ్చిగా ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ల ముందు అనలేని కోపం, పడక గురించి, డబ్బు గురించి, చావు గురించి అక్కడ మొహమాటం లేకుండా మాట్లాడుకుంటారు. మొదటి రోజు భయంతో ఉన్నవాళ్లకి ఆ నిక్కచ్చితనం చేదుగా తగలొచ్చు. ట్రీట్‌మెంట్ అయిపోయి, "ఇంక నీకేం, బాగయ్యావు కదా" అనే మాటలు విని విని విసిగిపోయినవాళ్లకి నేను ముందు చెప్పేది ఈ చోటే.

మనిషి ఎదురుగా కావాలంటే

రాసేది కాదు, మాట్లాడేది కావాలి అనుకునేవాళ్లకి రెండు దారులు. ఒకటి, శిక్షణ ఉన్నవాళ్లు నడిపే గ్రూపు. అమెరికాలో 1944లో పుట్టిన క్యాన్సర్‌కేర్ ఉచితంగా నడిపే గ్రూపులకు క్యాన్సర్ రంగంలో పనిచేసే సోషల్ వర్కర్లు పెద్దరికం వహిస్తారు. క్యాన్సర్ సపోర్ట్ కమ్యూనిటీ కూడా ఇలాగే. ఒకడే మాట్లాడుతూ పోతే ఆపేవాళ్లు, మూల కూర్చున్నవాళ్లని పలకరించేవాళ్లు ఉండటం ఎంత తేడానో వెళ్తేనే తెలుస్తుంది. మీరుండే దేశంవాళ్లని చేర్చుకుంటారో లేదో ముందే చూసుకోండి. రిజిస్ట్రేషన్, టైము, హాజరు ఉంటాయి కాబట్టి రాత్రి రెండింటి ప్రశ్నకు ఇది పనికిరాదు.

రెండోది ఒకరికి ఒకరు. ఈ పద్ధతి ఇంటర్నెట్ కన్నా చాలా పాతది. రొమ్ము తీసేసిన ఆపరేషన్ అయిన టెరీస్ లాసర్ అనే ఆవిడ 1952లో అమెరికాలో రీచ్ టు రికవరీ మొదలుపెట్టింది. ఆపరేషన్ అయినావిడ, కొత్తగా ఆపరేషన్ అయినావిడ మంచం పక్కకి వెళ్లి కూర్చోవడం, అంతే దాని సారం. ఇప్పుడు ఇమర్‌మన్ ఏంజెల్స్ లాంటి సంస్థలు వయసు, క్యాన్సర్ రకం, స్టేజీ చూసి జత కలిపి ఫోన్‌లోనో వీడియోలోనో మాట్లాడిస్తాయి. గుంపులో నోరు పెగలనివాళ్లకీ, అరవై దాటి ఫోరం అంటే ఏమిటో తెలియనివాళ్లకీ దీన్నే చూడమంటాను. జత కుదరకపోతే ఇంకొకరిని అడగడానికి సంకోచించకండి. మంచివాళ్లే అయినా మాట కలవకపోవచ్చు.

వెంట ఉండేవాళ్లకి వేరే గది

మా బావ ఒకసారి పేషెంట్ల గ్రూపులోనే రాశారు: "రోజూ చూడలేకపోతున్నాను, ఎప్పటికి అయిపోతుందో." ఆయన అలసట ఆయనది. కానీ చదివినవాళ్లంతా మంచం మీద ఉన్నవాళ్లు. ఒకావిడ "మా ఆయన కూడా ఇలాగే అనుకుంటున్నాడా?" అని అడిగింది. బావ ఆ పోస్టు తీసేసి, మళ్లీ ఎక్కడా ఏమీ రాయలేదు. ఆయన తప్పు మాటలో లేదు, గదిలో ఉంది. భార్యాభర్తలు, పిల్లలు, అన్నదమ్ములు తమ బాధ చెప్పుకునే చోటు వేరేగా ఉన్న కమ్యూనిటీనే ఎంచుకోండి. అలాగే, నయమయ్యే దశలో ఉన్నవాళ్లూ జబ్బు తిరగబెట్టినవాళ్లూ ఒకే గదిలో ఉంటే, తిరగబెట్టినవాళ్లు మెల్లగా మాట తగ్గించేస్తారు, కొత్తవాళ్లు భయపడతారేమోనని. ఆ మౌనం కనిపిస్తే ఆ గ్రూపు వాళ్లకి సరిపోనట్టే.

భాష సంగతి

బాగా నడిచే పెద్ద ఫోరంలు చాలావరకు ఇంగ్లీషులో ఉన్నాయి. వివరాలకు అక్కడికి వెళ్లండి, అనువాదం సాయం తీసుకోండి, మనసులో మాటకు మాత్రం తెలుగులో ఇద్దరినైనా వెతుక్కోండి. అయితే రిపోర్ట్ భాషతో జాగ్రత్త. అక్క ఉన్న ఒక గ్రూపులో ఒకమ్మాయి తన బయాప్సీలో 'ట్రిపుల్ నెగెటివ్' అని వచ్చిందని పెట్టింది. పదిమంది కంగ్రాట్స్ చెప్పారు. నెగెటివ్ అంటే మంచిదే కదా అనుకున్నారు. అది రొమ్ము క్యాన్సర్‌లో కాస్త మొండి రకం, హార్మోన్ మాత్రలూ, హర్2 అనే ప్రొటీన్ మీద పనిచేసే మందులూ దానికి సాధారణంగా పనికిరావు. స్కాన్‌లో 'ప్రోగ్రెషన్' అంటే జబ్బు ముదిరిందని, మెరుగుపడిందని కాదు. 'అన్‌రిమార్కబుల్' అని ఉంటే అక్కడ చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదని, అంటే మంచి మాట. ఈ మూడు మాటలకు సరిగ్గా అర్థం చెప్పేవాళ్లు ఒక్కరూ లేని గ్రూపులో రిపోర్ట్ పెట్టకండి. పెట్టినా పేరు, హాస్పిటల్ నంబరు, బార్‌కోడ్ కనపడకుండా కత్తిరించి పెట్టండి.

చేరాక ఒక వారం ఏమీ రాయకండి

చదవండి చాలు. ఎవరైనా తప్పుడు వైద్యం గురించి పోస్ట్ చేసినప్పుడు ఏం జరిగిందో చూడండి. గంటల్లో పోస్టు పోయిందా, ఎవరైనా మర్యాదగా కాదన్నారా, లేక హృదయం బొమ్మలు పడ్డాయా? ఈ ఒక్క పరీక్ష చాలు అంటాను. ఇది చిన్న విషయం కాదు. అసలు వైద్యం మానేసి ప్రత్యామ్నాయ వైద్యం ఒక్కటే నమ్ముకున్నవాళ్లలో చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు ఉన్నట్టు అమెరికాలో 2018లో వచ్చిన అధ్యయనం చెప్పింది. నయమయ్యే దశలో ఉన్నవాళ్ల లెక్క అది. ప్రాణం మీదికి వచ్చే సలహాకి "ఎవరి అభిప్రాయం వాళ్లది" అనే అడ్మిన్ ఉన్నచోట ఉండొద్దు.

గ్రూపుని ఎవరు నడుపుతున్నారు, ఖర్చు ఎక్కడి నుంచి వస్తోంది అనేది కూడా చూడండి. మందుల కంపెనీ డబ్బు ఇచ్చినంత మాత్రాన చెడ్డదని కాదు, చెప్పకపోతేనే అనుమానం. 2010లో పేషెంట్స్‌లైక్‌మీ అనే సైట్‌లో మానసిక సమస్యల విభాగంలోని పోస్టులను ఒక రీసెర్చ్ కంపెనీ సభ్యుడిలా లోపలికి వచ్చి ప్రోగ్రాంతో దించుకుంటూ దొరికిపోయింది. సైట్‌వాళ్లు ఆపి, సభ్యులకు తెలియజేశారు. తప్పు జరిగినప్పుడు సభ్యులకు చెప్పే చోటు, చెప్పని చోటు కన్నా నయం.

డబ్బు అడిగేవాళ్లు ఎవరైనా సరే, వద్దు. జబ్బు లేకుండానే ఉన్నట్టు గ్రూపుల్లో చేరి సానుభూతి పోగేసుకునేవాళ్లు ఉన్నారు. మార్క్ ఫెల్డ్‌మన్ అనే సైకియాట్రిస్టు 2000లోనే దీనికి 'ఇంటర్నెట్ మంచౌసెన్' అని పేరు పెట్టాడు. మెదడు క్యాన్సర్‌ని తిండితో తగ్గించుకున్నానని చెప్పి పేరూ డబ్బూ సంపాదించిన ఆస్ట్రేలియా అమ్మాయి బెల్ గిబ్సన్‌కి అసలు క్యాన్సరే లేదు. 2017లో కోర్టు ఆమెకి 4,10,000 ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. అలాగని ప్రతివాళ్లనీ అనుమానించి రిపోర్ట్ చూపించమనడం మొదలెడితే గ్రూపు పోలీస్ స్టేషన్ అయిపోతుంది. ఓదార్పు ఇవ్వండి, పర్సు తీయకండి, అంతవరకు చాలు.

ఇంకొకటి గుర్తుంచుకోవాలి. బాగైపోయినవాళ్లు ఎక్కువమంది గ్రూపు వదిలి తమ పనుల్లో పడిపోతారు. సైడ్ ఎఫెక్టులతో బాధపడేవాళ్లే ఉండి రాస్తుంటారు. కాబట్టి గ్రూపు చదివితే లోకంలో అందరికీ అన్నీ జరుగుతున్నట్టే ఉంటుంది.

ఏ గ్రూపూ పనికిరాని వేళ

కీమో మధ్యలో 38 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4, దాటి జ్వరం వస్తే పోస్టు పెట్టకండి. తెల్లకణాలు పడిపోయి ఉన్నప్పుడు అది గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. నేరుగా హాస్పిటల్‌కి ఫోన్ చేయండి. ఊపిరి అందకపోయినా, రక్తం ఆగకపోయినా, బతకాలని లేదనిపించినా అంతే. మంచి గ్రూపులో ఇలాంటి పోస్టుకి మొదటి జవాబు "ఫోన్ పక్కన పెట్టి హాస్పిటల్‌కి వెళ్లండి" అని వస్తుంది. అది కూడా ఒక పరీక్షే.

గ్రూపులో చేరితే ఆయుష్షు పెరుగుతుందా అని అక్క ఒకసారి అడిగింది. 1989లో డేవిడ్ స్పీగెల్ బృందం, ఒళ్లంతా పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 86 మంది ఆడవాళ్ల లెక్క ప్రచురించింది. వారం వారం గ్రూపుకి వచ్చినవాళ్లు సగటున 36.6 నెలలు, రానివాళ్లు 18.9 నెలలు బతికారని. ప్రపంచమంతా ఆశపడింది. 2001లో 235 మందితో చేసిన ఇంకో పెద్ద పరిశోధనలో ఆయుష్షులో తేడా రాలేదు. కానీ మనోవేదన తగ్గింది, నొప్పి బాధ కూడా తగ్గింది, ముఖ్యంగా మొదట్లో బాగా కుంగిపోయి ఉన్నవాళ్లకి. ఇవి ఎదురెదురుగా కూర్చున్న గ్రూపుల లెక్కలు. అక్కకి ఇదంతా చదివి వినిపిస్తే "నిద్ర పడితే చాల్లేవే, ఆయుష్షు సంగతి డాక్టరు చూసుకుంటాడు" అంది.

నన్ను ఒక్క మాటలో తేల్చమంటే: కొత్తగా తెలిసినవాళ్లు సంస్థ నడిపే ఫోరంలో మారుపేరుతో చదవడం మొదలుపెట్టండి. జన్యుమార్పు పేరు చేతికి వచ్చినా, జబ్బు అరుదైనదైనా ఆ పేరు మీద ఉన్న చిన్న గ్రూపు వెతకండి. గుంపు పడకపోతే ఒకరికి ఒకరు. వాట్సాప్ ముఖం తెలిసినవాళ్లతో మాత్రమే. లక్షమంది ఉన్నదాన్ని వదిలేయండి. అక్క దాంట్లోంచి బయటికి వచ్చిన రోజు ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా.

చివరగా, ఎవరూ చెప్పని చిన్న పని ఒకటుంది. ఆన్‌లైన్‌లో మీ మారుపేరు ఇంట్లో ఒక్కరికైనా చెప్పి ఉంచండి. మీరు ఒక్కసారిగా మాట్లాడటం మానేస్తే అక్కడివాళ్లకి మీ సంగతి తెలిసే దారి ఉండదు. ఆ పెద్దాయన పోయాక అక్క తన రిపోర్టుల ఫైల్ వెనక అట్ట మీద, మందుల చీటీ కింద, ఫోరం పేరూ తన యూజర్‌నేమూ పెన్నుతో రాసింది. పక్కన "వీళ్లకి ఒక ముక్క రాయండి" అని ఉంది. కీమో అయిపోయి రెండేళ్లు దాటింది, చెకప్‌కి వెళ్లినప్పుడల్లా అదే ఫైల్ పట్టుకెళ్తుంది.